డేటా దుబారా – హక్కులకు గండి

(కృష్ణా జిల్లా పెదపారుపూడిలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



మొబైల్ డేటా, వైఫై వాడుక గురించి మాట్లాడతామని మేము చెప్పినప్పుడు ఒక పెద్దమనిషి ఆశ్చర్యపోయారు. వక్ఫ్ గురించి, ఉపకార వేతనాల గురించి, 4 శాతం రిజర్వేషన్ గురించి చర్చించవలసిన సభలో ఫోను మీటల ప్రస్తావన ఎందుకని అడిగారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ మూడింటికీ వెళ్లే దారి ఇప్పుడు ఫోనులోనుండే పోతున్నది. దారి మూసుకుపోయిన తరువాత గమ్యం గురించి ఎంత గొప్పగా మాట్లాడినా ప్రయోజనం లేదు.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో దరఖాస్తు అంటే కాగితం. దానికి తపాలు రిజిస్టరులో ఒక సంఖ్య పడేది, తెచ్చినవారి చేతికి రశీదు అందేది. కాగితం ఎలుకలు కొరికినా, వాన నీటికి తడిసినా ఆ సంఖ్య మిగిలేది. ఆ సంఖ్య పట్టుకొని పేదవాడు పది సంవత్సరాల తరువాత కూడా వచ్చి బల్ల ముందు నిలబడి అడగగలిగేవాడు. ఇప్పుడు కౌంటరు ఫోనులో ఉన్నది. ఫోనులో డేటా లేకపోతే కౌంటరు దాకా వెళ్లలేదన్నమాటే. వెళ్లలేదు కనుక సంఖ్య లేదు. సంఖ్య లేదు కనుక మనం అడిగినట్లే లెక్కలోకి రాదు.

ఒక సంఘటన చెబుతాము. ఇందులో తప్పు ఎవరిదో ముందే చెప్పుకోవాలి. అది పూర్తిగా మాది.

వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8 నుండి అమలులోకి వచ్చింది. ఆ సంవత్సరమే జూన్ 6న కేంద్ర ప్రభుత్వం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించింది. దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలను ఆరు నెలలలోగా అందులో నమోదు చేయాలన్నది నిబంధన. ముతవల్లి వివరాలు ఎక్కించాలి, వక్ఫ్ బోర్డు అధికారి వాటిని సరిచూడాలి, ఆపైన మరొక అధికారి ఆమోదించాలి. ఆ చట్టంపై మన సమాజానికి ఉన్న అభ్యంతరాలు న్యాయస్థానం ముందు ఉన్నాయి. అభ్యంతరం అభ్యంతరమే, గడువు గడువే. గడువు పెంచమని కోరితే సుప్రీంకోర్టు డిసెంబరు 1న నిరాకరించి, కావలసినవారు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చునని చెప్పింది. డిసెంబరు 6న పోర్టల్ మూతపడే సమయానికి దేశం మొత్తం మీద 5 లక్షల 17 వేల ఆస్తుల నమోదు మొదలయింది. ఆమోదం పొందినవి సుమారు 2 లక్షల 17 వేలు మాత్రమే.

నవంబరు నెలాఖరులో మన ప్రాంతంలోనే ఒక చిన్న ఖబరస్తాన్ వివరాలు ఎక్కించేందుకు మేము కూర్చున్నాము. ముతవల్లి చాచాకు డెబ్బై దాటాయి. పాత గెజిట్ పుట, 1-బి నకలు, సర్వే పటం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అన్నిటినీ ఫొటోలు తీసి ఫైళ్లుగా మార్చాము. మొత్తం 12 ఎంబీ వచ్చింది. ఇషా నమాజు ముగించుకొని ఎనిమిదిన్నరకు చాచా ఫోను తెరచి చూస్తే, ఆనాటి డేటా నూటికి నూరు శాతం ఖర్చయిపోయిందన్న సందేశం కనిపించింది.

రోజువారీ కోటా అయిపోతే చాలా ప్యాకులలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ అంకె అర్థం ఏమిటో లెక్కవేసి చూద్దాము. 64 కిలోబిట్లు అంటే సెకనుకు 8 కిలోబైట్లు. 12 ఎంబీ వెళ్లడానికి 1,500 సెకన్లు, అనగా 25 నిమిషాలు పడుతుంది. అదీ ఒక్క క్షణం కూడా ఆగకుండా సాగితేనే.

పక్క ఇంటి హిందూ సోదరుడు మా అవస్థ చూసి తన ఇంటి వైఫై పాస్‌వర్డు చెప్పాడు. అల్లాహ్ ఆయనకు మేలు చేయుగాక. ఫోనులో వైఫై గీతలు నిండుగా వెలిగాయి. కాని పని ముందుకు కదలలేదు. ఆ సాయంత్రమే వీధి స్తంభం మీద తీగ తెగిందన్న సంగతి ఆయనకూ తెలియదు. పోనీలే అని డేటా అదనపు ప్యాకు వేయించాము. డబ్బు కట్టినట్లు సందేశం వచ్చింది, పని మాత్రం అప్పటికీ కదలలేదు. మేము, చాచా, ఆ సోదరుడు ముగ్గురమూ తలలు పట్టుకొని కూర్చున్నాము. చాచా పన్నెండేళ్ల మనుమడు నిద్ర కళ్లతో లేచి వచ్చి, “వైఫై ఆపలేదు కదా తాతా” అని ఒక మీట నొక్కాడు. అంతే, ఫైలు బయలుదేరింది. డేటా కొన్న తరువాత కూడా మా ఫోను ఆ చచ్చిన వైఫైనే పట్టుకొని వేలాడుతున్నది. ముప్ఫై నాలుగు సంవత్సరాలు ఫైళ్లు నడిపిన మాకు ఆ మీట సంగతి తట్టలేదు.

మరి ఆ రోజు డేటాను ఎవరు తిన్నారు? మరునాడు కూర్చొని లెక్క తీశాము. బందరులో జరిగిన ఒక బంధువుల నికాహ్ వీడియోలు కుటుంబ గ్రూపులోకి వచ్చాయి. ఎవరూ నొక్కకుండానే అవన్నీ వాటంతట అవే ఫోనులోకి దిగిపోయాయి. ఇంట్లో ఒక్కరు కూడా వాటిని చూడలేదు. ఇంకా కొన్ని యాప్‌లు తమను తాము కొత్తవిగా మార్చుకున్నాయి. మిగిలినది పిల్లల బొమ్మల వీడియోలు. ఒక ఖబరస్తాన్ హద్దుల కోసం ఉంచుకోవలసిన డేటా, ఎవరూ చూడని బిర్యానీ డేగిషాల వీడియోలకు ఖర్చయిపోయింది.

మనం కృష్ణా డెల్టావాళ్లం. మనకు ఈ విషయం నీటి భాషలో చెబితే తొందరగా అర్థమవుతుంది. బెజవాడ ఆనకట్ట దగ్గర నీరు ఎంత ఉన్నా, బందరు కాలువ మీద, దాని కింది పిల్ల కాలువల మీద, చివరికి మన చేను గట్టున ఉన్న బోదె మీద ఆధారపడే అది మన వరికి అందుతుంది. మొబైల్ డేటా, వైఫై రెండు వేర్వేరు కాలువలు. మొబైల్ డేటా టవరు నుండి నేరుగా ఫోనుకు వస్తుంది, దానికి మనం కొలత ప్రకారం వెల చెల్లిస్తాము. వైఫై అనేది ఇంట్లో ఉన్న పెట్టె నుండి ఫోను దాకా ఉన్న బోదె మాత్రమే. ఆ పెట్టెకు వెనుక నుండి తీగ ద్వారా నీరు రావాలి. తీగ తెగితే బోదె ఉంటుంది, నీరు ఉండదు. వైఫై గీతలు నిండుగా ఉండడం బోదె బాగున్నదనడానికి గుర్తే తప్ప నీరు పారుతున్నదనడానికి గుర్తు కాదు. ఆ రాత్రి మేము పొరబడినది సరిగ్గా ఇక్కడే.

ఫోను స్వభావం మరొకటి తెలుసుకోవాలి. తెలిసిన వైఫై దగ్గరకు రాగానే ఫోను దానినే ఎన్నుకుంటుంది, మొబైల్ డేటాను పక్కన పెడుతుంది. వైఫై బలహీనమైతే కొన్ని ఫోనులు వాటంతట అవే డేటాకు మారతాయి, కొన్ని మారవు. మీ ఫోను ఏ రకమో ముఖ్యమైన పని పడిన రోజున కాక ఈ రోజే పరీక్షించి తెలుసుకోండి. ఇంట్లో రౌటరుకు వెళ్లే తీగను ఒక్క నిమిషం ఊడదీసి, ఫోనులో ఏదైనా తెరవండి. తెరుచుకుంటే ఫోను తానే మారుతున్నది. తెరుచుకోకపోతే, అవసరమైనప్పుడు వైఫై మీటను మీరే ఆపాలి. మారే ఫోనులకూ ఒక చిక్కు ఉన్నది. వైఫై మీదే చూస్తున్నామనుకొని గంటసేపు వీడియో చూస్తే, అది ఎప్పుడో డేటాకు మారి కోటా ఖాళీ చేసి ఉంటుంది. ఫోను పైభాగంలో ఏ గుర్తు ఉన్నదో మధ్యమధ్య చూసుకోవడమే దీనికి మందు.

ఇక దుబారా సంగతి. ప్రవహించే నది ఒడ్డున కూర్చొని వజూ చేసినా నీటిని వృథా చేయరాదని మన ప్రవక్త (స) బోధించారు. చిన్ననాడు మక్తబ్‌లో మనమందరమూ విన్న మాటే. డేటా విషయంలో ఆ మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది, ఎందుకంటే ఈ నీరు మనం కొన్నది. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు డేటా పారబోసినట్లు పారింది, అప్పుడు మనకు లెక్క లేకపోయింది. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాయి. అలవాట్లు మాత్రం పాత కాలానివే మిగిలాయి.

గండి పూడ్చవలసిన మొదటి చోటు వాట్సాప్. అందులో సెట్టింగ్‌లు తెరిస్తే స్టోరేజీ, డేటా అని ఒక భాగం ఉంటుంది. అక్కడ మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు ఏవి వాటంతట అవే దిగాలో అడుగుతుంది. ఫొటోలు, ఆడియో, వీడియోలు, పత్రాలు నాలుగింటికీ టిక్కు తీసివేయండి. అప్పుడు మీరు నొక్కినవి మాత్రమే దిగుతాయి. ఈ ఒక్క పని చేస్తే సగం గండి పూడినట్లే. రెండవది ప్లే స్టోరు. యాప్‌లు వైఫై మీద మాత్రమే కొత్తవిగా మారాలని అక్కడ నిర్ణయించవచ్చు. ఫొటోలు గూగుల్‌లో దాచుకునేవారు, ఆ దాపు కూడా వైఫై మీదనే జరగాలని పెట్టుకోవాలి. మూడవది వీడియో నాణ్యత. యూట్యూబ్‌లో బయాన్ వినేవారికి వక్త గడ్డంలోని ప్రతి వెంట్రుకా కనిపించనవసరం లేదు. 144 లేదా 240 పెట్టుకుంటే గొంతు స్పష్టంగానే వినిపిస్తుంది, ఖర్చు ఎన్నో రెట్లు తగ్గుతుంది. వీడియో కాల్ కూడా అంతే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖం చూడాలని తల్లికి ఉంటుంది, మేము కాదనము. మొదటి రెండు నిమిషాలు ముఖం చూసి, మిగిలిన అరగంట మాటతో సరిపెట్టుకుంటే ఆ తల్లి డేటా నెలాఖరు దాకా వస్తుంది.

ఫోను సెట్టింగ్‌లలో డేటా వాడకం అన్న చోట ఏ యాప్ ఎంత తిన్నదో పద్దు ఉంటుంది. మేము గుమాస్తాలం కనుక మాకు ఆ పుట చాలా ఇష్టం. నెలకొకసారి దానిని తెరచి చూడండి. తెర వెనుక డేటా తింటున్న యాప్‌కు బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆపవచ్చు. డేటా సేవర్ అన్న మీట వేస్తే మనం కళ్ల ముందు తెరచి ఉంచిన యాప్‌కే చాలా వరకు డేటా అందుతుంది. అయితే ఇందులో ఒక జాగ్రత్త ఉన్నది. డేటా సేవర్ వేసి ఉంటే కొన్ని సందేశాలు యాప్ తెరిచేదాకా రాకపోవచ్చు. ఎవరి ఇంట్లోనైనా రోగి ఉండి కబురు కోసం ఎదురుచూస్తుంటే ఆ రోజులలో దానిని తీసివేయండి.

హాట్‌స్పాట్ గురించి రెండు మాటలు. మన ఫోను డేటాను పక్కవారికి ఇవ్వడం మంచి పనే, దానికి సవాబు కూడా ఉన్నది. కాని పుచ్చుకునేవారి ఫోనుకు అది మామూలు వైఫై లాగానే కనిపించవచ్చు. వైఫై మీదే చేయమని మనం చెప్పి ఉంచిన బరువు పనులన్నీ, అంటే యాప్‌ల మార్పులు, ఫొటోల దాపు అన్నీ అప్పుడు మొదలవుతాయి. ఇచ్చినవారి 1.5 జీబీ అరగంటలో ఖాళీ. అందుకే హాట్‌స్పాట్ పుచ్చుకునేవారు తమ ఫోనులో ఆ కనెక్షన్ వివరాలు తెరచి, అది కొలత గల నెట్‌వర్క్ అని గుర్తు పెట్టాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోనులలో ఆ అవకాశం ఉన్నది, పదిమందిలో తొమ్మిదిమందికి అది తెలియదు. మాకూ ఇటీవలనే తెలిసింది.

ఇంటికి వైఫై పెట్టించుకోవడం గురించి చాలామంది అడుగుతున్నారు. మన రాష్ట్రంలో ఫైబర్ నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే కనెక్షన్ అన్నది అప్పటి ప్రకటన. విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి పల్లెలకు చేర్చారు. ఇప్పుడు ప్రైవేటువారూ ఉన్నారు. ఎవరిది తీసుకోవాలన్నది మేము చెప్పము, వీధిలో వాడుతున్న నలుగురిని అడిగి తెలుసుకోండి. నలుగురు ఐదుగురు ఫోనులు వాడే ఇంట్లో విడివిడిగా పెద్ద ప్యాకులు వేయించుకోవడం కంటే ఇంటికి ఒక వైఫై, చేతికి చిన్న ప్యాకు చవక పడవచ్చు. కూడి, తీసివేసి చూసుకోండి. రౌటరును బీరువా వెనుక, ఇనుప బల్ల కింద దాచవద్దు. ఇంటి మధ్యలో కాస్త ఎత్తున ఉంచండి. రౌటరులో రెండు పేర్లు కనిపిస్తే, 2.4 అన్నది గోడలు దాటి దూరం పోతుంది, 5 అన్నది దగ్గరలో వేగంగా పనిచేస్తుంది.

అయితే వైఫై వచ్చింది కదా అని మొబైల్ డేటాను పూర్తిగా మానివేయవద్దు. మనది తుఫానుల సీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమ పెద్దలు ఈ సభలో ఉన్నారు. గాలి వీచగానే మొదట పోయేది కరెంటు. దానితో పాటే రౌటరు ఆరిపోతుంది. టవరు తన బ్యాటరీ మీద మరికొంతసేపు నిలబడుతుంది. ఆ కొంతసేపు ఫోనులో డేటా ఉంటే హెచ్చరిక అందుతుంది, బంధువులకు కబురు చేరుతుంది. తుఫాను వార్త వినగానే పడవ కట్టుకున్నట్లు, ఆనాటి కోటాను కూడా కట్టి ఉంచుకోవాలి.

ఇంతవరకు యంత్రం గురించి మాట్లాడాము. అసలు మాట ఇప్పుడు వస్తున్నది. కాలువకు ఎగువ రైతు, దిగువ రైతు ఉన్నట్లే ఇంటి డేటాకు కూడా ఎగువ, దిగువ ఉన్నాయి. ఎగువ రైతు తూము ఎత్తి ఉంచితే శివారు ఆయకట్టు ఎండిపోతుంది. ఈ సంగతి బందరు, నాగాయలంక, కోడూరు రైతులకు ఒకరు చెప్పనవసరం లేదు. మన ఇళ్లలో శివారు భూమి ఎవరు? తల్లి, కోడలు, చదువుకుంటున్న ఆడపిల్ల. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరాల మహిళలలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం. అదే వయసు పురుషులలో సుమారు 49 శాతం. ఇది అన్ని మతాలవారిని కలిపిన లెక్క. మన ఇళ్లలో ఎంత ఉంటుందో ఎవరి గుండె మీద వారు చేయి వేసుకొని చెప్పుకోవాలి.

ఒక ఇంట్లో మేము చూసినదే చెబుతాము. అబ్బాయికి రోజుకు 2 జీబీ ప్యాకు ఉన్నది. ఇంటర్ చదివే చెల్లెలికి ప్యాకు లేదు. అన్న ఇంటికి వచ్చిన తరువాత, అతనికి మనసు కుదిరితే హాట్‌స్పాట్ ఇస్తాడు. ఆ అమ్మాయి ఈఏపీసెట్ దరఖాస్తు కోసం రాత్రి పది గంటల దాకా అన్న కోసం ఎదురుచూసింది. అతడు వచ్చేసరికి అతని కోటా క్రికెట్‌కు అయిపోయింది. తండ్రిని అడిగితే, “ఆడపిల్లకు డేటా ఎందుకు సాబ్, చెడిపోతుంది” అన్నారు. మేము ఆయనను తప్పుపట్టలేదు, ఆయన భయం నిజమైనదే. కాని అబ్బాయి ఫోనులో ఏమి చూస్తున్నాడో ఆయన ఎన్నడూ అడగలేదు. భయం ఇద్దరి విషయంలోనూ ఉండాలి, నమ్మకమూ ఇద్దరి మీదా ఉండాలి. పక్కవాడి దయ మీద నడిచే చదువు నిలబడదు. చివరికి ఆ తండ్రే ఆ అమ్మాయికి చిన్న ప్యాకు ఒకటి వేయించారు. దరఖాస్తు గడువులోగా వెళ్లింది.

ఈ విషయం న్యాయస్థానం దాకా వెళ్లిందని మీలో ఎందరికి తెలుసు? కేరళలో ఫహీమా షిరీన్ అన్న విద్యార్థిని, కళాశాల హాస్టలులో ఆడపిల్లలు సాయంత్రం వేళ ఫోను వాడరాదన్న నియమాన్ని ఒప్పుకోలేదు. ఆమెను హాస్టలు నుండి పంపివేశారు. ఆమె హైకోర్టుకు వెళ్లింది. 2019 సెప్టెంబరు 19న జస్టిస్ పి.వి. ఆశా తీర్పు ఇస్తూ, ఇంటర్నెట్‌ను అందుకునే హక్కు విద్యా హక్కులో, గోప్యతా హక్కులో భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమని ఆదేశించారు. దేశమంతటికీ దారి చూపిన ఆ వ్యాజ్యం వేసినది మన బిడ్డే. తరువాత 2020 జనవరి 10న అనూరాధా భసీన్ వ్యాజ్యంలో, కశ్మీరులో ఇంటర్నెట్ ఆపివేతపై తీర్పు ఇస్తూ, గడువు లేకుండా ఇంటర్నెట్‌ను ఆపడం చెల్లదని, ఆపే ఉత్తర్వులను ప్రచురించాలని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అక్కడ 4జీ తిరిగి వచ్చేసరికి 2021 ఫిబ్రవరి అయింది. 2025 ఏప్రిల్ 30న, అంధులు, యాసిడ్ దాడి బాధితులు కేవైసీలో పడుతున్న బాధలపై వచ్చిన వ్యాజ్యంలో, డిజిటల్ సేవలను అందుకోగలగడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని అదే న్యాయస్థానం ప్రకటించింది. న్యాయస్థానం మన ఆడపిల్లకు ఇచ్చినదానిని మన ఇంటి గడపలో మనమే అడ్డుకోవడం ఎంతవరకు సబబు?

ఆ హక్కు వలన కలిగే ప్రయోజనం కూడా చూడండి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించింది. నంబరు 9552300009. సచివాలయం మెట్లెక్కడానికి సంకోచించే మన స్త్రీలు వంటింట్లో కూర్చొని వివరాలు అడిగి తెలుసుకోవచ్చు. వాట్సాప్ సందేశానికి పట్టే డేటా ఎంతో స్వల్పం. పరదా పాటించే తల్లికి ఇంతకంటే మర్యాదైన కౌంటరు మా ఉద్యోగ జీవితంలో మేము ఎన్నడూ చూడలేదు. దానిని వాడనివ్వకుండా ఫోనును జేబులో వేసుకొని పొలానికి వెళ్లిపోతే ఎట్లా?

స్మార్ట్ ఫోను వాడని నానీలు, దాదీలు ఉన్నారు. వారికి డేటా ప్యాకు అంటగట్టనవసరం లేదు. డేటా లేకుండా మాటలకు, ఎస్‌ఎంఎస్‌లకు మాత్రమే ప్రత్యేక ప్యాకులు ఉండాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది, కంపెనీలు వాటిని తెచ్చాయి. దుకాణదారుడు తనంతట తాను చెప్పడు, మీరే అడగండి. ఓటీపీ ఎస్‌ఎంఎస్‌గా వస్తుంది కనుక దానికి డేటా అవసరం లేదు, సిగ్నలు ఉంటే చాలు. కాని సిమ్ బతికి ఉండాలి. 90 రోజులు ఏ వాడుకా లేకుండా వదిలేస్తే ఆ నంబరు రద్దు కావచ్చు, కొంతకాలానికి మరొకరికి పోవచ్చు. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన నంబరు పోతే పింఛను నుండి పిల్లల ఉపకార వేతనం దాకా అన్నీ చిక్కులో పడతాయి. ముతవల్లులు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మస్జిద్ పనులకు ఇచ్చిన నంబరు ఎవరో కుర్రవాడి సొంత నంబరై, అతడు హైదరాబాదు వెళ్లిపోతే ఓటీపీ అక్కడే మోగుతుంది.

ఉమ్రాకు, హజ్‌కు వెళ్లేవారికి ఒక్క మాట. విమానం ఎక్కే ముందే డేటా రోమింగ్ మీట ఆపి ఉన్నదో లేదో చూసుకోండి. రోమింగ్ ప్యాకు లేకుండా అక్కడ దిగగానే ఫోను తన అలవాటు ప్రకారం వీడియోలు దింపుకుంటే, ఆ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. మదీనాలో రౌజాలో నమాజుకు నుసుక్ యాప్‌లో అనుమతి తీసుకోవాలి కనుక అక్కడ డేటా తప్పనిసరి. స్థానిక సిమ్ గాని, రోమింగ్ ప్యాకు గాని ముందే ఆలోచించుకోండి. ఇక్కడి సిమ్‌ను మాత్రం తీసి పారవేయవద్దు, బ్యాంకు సందేశాలు దానికే వస్తాయి.

రైల్వే స్టేషన్లలో, హోటళ్లలో ఉచిత వైఫై ఉంటుంది. వార్తలు చదువుకోవడానికి అది చాలు. బ్యాంకు పనికి, ఆధార్ పనికి మాత్రం దానిని ఆపి మీ సొంత డేటా వాడండి. ఎవరైనా పోలీసు దుస్తులలో వీడియో కాల్ చేసి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశామని అంటే నమ్మవద్దు. చట్టంలో అటువంటి అరెస్టే లేదు. మన పేరు చెప్పి, ఉగ్రవాదం కేసు అని బెదిరిస్తే మనవారు ఇంకా త్వరగా భయపడతారని ఆ మోసగాళ్లకు తెలుసు. డబ్బు పోయిందా, క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

మీకు తెలుసు, ఇది రామోజీరావు పుట్టిన ఊరు. పత్రిక తెల్లవారేసరికి ఇంటి ముందుండాలన్న పట్టుదల ఆయనది. ఏ పత్రికకైనా సంపాదకుని పేరు, ముద్రించినవారి పేరు, చిరునామా అందులోనే అచ్చయి ఉంటాయి. తప్పు రాస్తే అడగడానికి ఒక గుమ్మం ఉన్నది. ఫార్వర్డుకు గుమ్మం లేదు. అబద్ధపు వార్త మన డేటాతో మన ఇంట్లోకి వచ్చి, మళ్లీ మన డేటాతోనే మరో నలభై ఇళ్లకు వెళుతుంది. వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించుకోమని సూరహ్ హుజురాత్‌లో మనకు ఆజ్ఞ ఉన్నది. విచారించే తీరిక లేకపోతే పంపకుండా ఊరుకోండి. డేటా మిగులుతుంది, పోలీసు స్టేషను మెట్లెక్కే పని తప్పుతుంది.

మేము కోరేది పెద్ద పని కాదు. వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత మేము, మాతో పనిచేసే ముగ్గురు యువకులు ఇక్కడే రెండు బల్లలు వేసుకొని కూర్చుంటాము. స్త్రీల వైపు డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు కూర్చుంటారు. ఇంటికి ఒక్క ఫోను కాక, ఇంట్లో ఉన్న ఫోనులన్నీ తీసుకురండి. చార్జరు కూడా తెచ్చుకోండి, ఈ హాలులో ప్లగ్గులు రెండే ఉన్నాయి. వాట్సాప్ టిక్కులు అక్కడే తీద్దాము. ఎవరి నంబరు ఆధార్‌కు ఉన్నదో, ఆ సిమ్ బతికి ఉన్నదో లేదో ఒక నోటు పుస్తకంలో రాసుకుందాము. ఆ పుస్తకంలో ఓటీపీలు, పాస్‌వర్డులు ఎవరివీ రాయము, మీరు చెప్పబోయినా మేము వినము. ముతవల్లి చాచా కూడా వస్తానన్నారు. మనుమడిని వెంటబెట్టుకొని రమ్మని చెప్పాము.